‘తుమ్ సే’ని తెలుగులో ఏమనాలి?

2025లో మన దేశంలో అవుట్‌స్టేషన్ అని ఒక బాయ్ బ్యాండ్ వచ్చింది. అయిదుగురు కుర్రాళ్ళు. ఉడుపి, ప్రయాగ్‌రాజ్, గోవా, ఢిల్లీల నుంచి ఒక్కొక్కరు, హైదరాబాదు నుంచి షయాన్ పట్టెం. వాళ్ళ మొదటి పాట ‘తుమ్ సే’. అది వచ్చాక మా స్నేహితుల్లో రెండు పార్టీలయ్యాయి. కొరియా వాళ్ళకి నకలు అని ఒక పార్టీ, మనవాళ్ళు చేస్తే తప్పేంటి అని ఇంకో పార్టీ. నేను రెండో పార్టీయే. కానీ ఇక్కడ రాసేది ఆ తగాదా గురించి కాదు, పాట పేరు గురించి.

ఈ బ్యాండ్‌ని తయారుచేసినవాడు సావన్ కోటేచా. అమెరికాలో పుట్టిన పాటల రచయిత. 2011లో వన్ డైరెక్షన్ మొదటి పాట ‘వాట్ మేక్స్ యూ బ్యూటిఫుల్’ రాసిన ముగ్గురిలో ఆయన ఒకరు. అంతకుముందు ఏడాది టీవీ పోటీలో మూడో స్థానంతో సరిపెట్టుకున్న కుర్రాళ్ళు ఈ పాటతో బ్రిటన్‌లో నేరుగా 1వ స్థానానికి వెళ్ళారు. 2012లో బ్రిట్ అవార్డు కూడా వచ్చింది. (అప్పటికి మనం అంగన్‌వాడీలో ఉన్నాం.)

ఆ పేరులో ‘యూ’ చూడండి. ఒక్క అమ్మాయి అనుకోవచ్చు, స్టేడియం నిండా ఉన్న అమ్మాయిలూ అనుకోవచ్చు. ఇంగ్లీషులో ఏకవచనం, బహువచనం రెండూ అదే మాట. అందుకే విన్న ప్రతి పిల్లా తనతోనే అంటున్నారనుకుంది. మన సినిమా పాటలో ఇలా జరగదు. హీరో ‘నువ్వు’ అంటే అది హీరోయిన్‌ని. మనం పక్కనుంచి వింటాం, అంతే. పైగా పాడినవాడు తెర మీద కనపడడు. బాయ్ బ్యాండ్‌లో మధ్యలో హీరోయిన్ లేదు, పాడేవాడే ఎదురుగా నిలబడతాడు. స్మిత ‘హాయ్ రబ్బా’ లాంటి ప్రైవేట్ ఆల్బంలు తెలుగులో ఉన్నాయి (ఆ పేరూ తెలుగు కాదు, అది వేరే సంగతి), అయినా మన పాటకి ఇల్లు సినిమాయే.

ఇక ‘తుమ్ సే’. హిందీ ‘సే’ మన తృతీయ, పంచమి విభక్తుల పని రెండూ చేస్తుంది. నీతో, నీ నుంచి, నీ వల్ల, నీకంటే, ఏదైనా కావచ్చు. తెలుగులో ఒకటి ఎంచుకోవాల్సిందే. తీరా ఇష్టం చెప్పాల్సి వస్తే వీటిలో ఒక్కటీ పనికిరాదు. ‘నీతో ఇష్టం’ అనం, ‘నీ నుంచి ఇష్టం’ అసలే అనం. ‘నువ్వంటే ఇష్టం’ అంటాం. ‘నువ్వు’ అనే మాట పలికితే చాలు అన్నట్టు! ఒడియాలో ‘తుమకు’ అంటారు, అంటే నిన్ను. ఇష్టం ఒకటే, మూడు భాషల్లో మూడు దారులు. నా ఓటు ‘నువ్వంటే’కి. పాట పేరుగా కూడా బాగుంటుంది.

‘తుమ్’ సంగతి ఇంకా కష్టం. హిందీలో తూ, తుమ్, ఆప్. ఒడియాలో తు, తుమే, ఆపణ. తెలుగులో నువ్వు, మీరు, రెండే. మధ్య మెట్టు లేదు. కొడల నుంచి వచ్చే మాలాంటి వాళ్ళకి ‘తుమ్’ వినగానే అర్థమయ్యేది తెలుగు వల్ల కాదు, ‘తుమే’ వల్ల. అలా చూస్తే ఈ పాట మమ్మల్ని మా ఒడియా సగంలోంచి పిలిచింది. తెలుగు సగం విని ఊరుకుంది. హైదరాబాదు కుర్రాడు ఉన్న బ్యాండే అలా చేస్తే నాకు కొంచెం కష్టంగానే ఉంది. హిందీ అయితే దేశమంతా వింటుంది, ఆ లెక్క నాకూ తెలుసు.

మా నాన్న ఒడియా, అమ్మ తెలుగు. అమ్మ ఆయన్ని ‘మీరు’ అంటుంది. ఆయన ఒడియాలో అమ్మని ‘తుమే’ అంటారు. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట దొరకక, కోపం లేనప్పుడు ‘నువ్వు’ అనీ, కోపం వచ్చినప్పుడు ‘మీరు’ అనీ అంటారు.