ఎనిమిది నిమిషాల తేడా

గ్రహాలు వృత్తాకారంలోనే తిరుగుతాయని పూర్వులు నమ్మారు. వృత్తమే లోపంలేని ఆకారమని వారి భావన. జర్మన్ శాస్త్రజ్ఞుడు యోహాన్నెస్ కెప్లర్ కూడా మొదట అలాగే లెక్క కట్టాడు. అంగారకుని స్థానాలను టైకో బ్రాహి ఎంతో శ్రద్ధగా కొలిచి ఉంచాడు. వాటితో పోల్చి చూస్తే ఎనిమిది నిమిషాల తేడా కనిపించింది. నిమిషమంటే ఇక్కడ కాలం కాదు, డిగ్రీలో 60వ వంతు. ఆ తేడా మొత్తం పున్నమి చంద్రుని వెడల్పులో నాలుగోవంతు మాత్రమే!

కెప్లర్ దానిని చిన్నదని వదిలివేయలేదు. తన లెక్కనే వదులుకున్నాడు. అంగారకుని కక్ష్య దీర్ఘవృత్తమనీ, సూర్యుడు దాని నడిమధ్యన కాక కొంత పక్కగా, నాభి అనే బిందువు వద్ద ఉంటాడనీ 1609లో ప్రకటించాడు.

కక్ష్య ఎంత సాగి ఉందో తెలిపే సంఖ్యను నేడు ‘ఉత్కేంద్రత’ అంటారు. వృత్తానికి అది సున్న. భూమి కక్ష్యకు 0.017, అంగారకునికి 0.093, హేలీ తోకచుక్కకు 0.967. అందుకే భూమి సూర్యునికి జనవరిలో 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ, జూలైలో 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ ఉంటుంది.

తల్లిదండ్రులారా, మీ పిల్లల లెక్కలో కొద్ది తేడా వస్తే “ఫరవాలేదులే” అనకండి. అది ఎందుకు వచ్చిందో వారినే వెదకనివ్వండి.