చలికి ఒక టోపీ: అల్లే ముందు వేసుకోవలసిన లెక్క



ఈ ఏడాది సేవా కార్యక్రమంగా, ఇల్లు లేక బయట పడుకునేవారికి ఊలు వస్తువులు అల్లి ఇద్దామని మీలో కొందరు అనుకుంటున్నట్టు తెలిసి సంతోషించాను. నాకు వచ్చిన విద్యలు రెండే. ఒకటి పద్దులు రాయడం, రెండోది ఊలు అల్లడం. మొదటిదానికి బి.కాం. చదువు పునాది వేసింది. రెండోది బ్యాంకులో మధ్యాహ్న భోజన విరామంలో తోటి ఉద్యోగినుల దగ్గర నేర్చుకున్నాను. ఈ పాఠంలో ఆ రెండూ కలిపి చెబుతాను. అంగడికి వెళ్ళి ఊలు కొనేముందు దీన్ని ఒకసారి చదవండి.

నేను చేసిన పొరపాటు

2019లో బెంగళూరులో మా వీధి ఆడవాళ్ళం నలుగురం కలిసి రెండు నెలలు కష్టపడి ఒక క్రోషే కంబళి తయారు చేశాం. రంగురంగుల చదరపు ముక్కలు అల్లి, వాటిని జోడించి కుట్టాం. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. డిసెంబరు మొదట్లో, మార్కెట్ దగ్గర ఒక అంగడి ముందు రాత్రిళ్ళు పడుకునే ముసలావిడకు దాన్ని ఇచ్చాం. ఆమెది అనంతపురం వైపు. పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

మూడు వారాల తర్వాత చూస్తే ఆమె పాత దుప్పటే కప్పుకొని ఉంది. "ఏమవ్వా, కంబళి ఏదీ?" అని అడిగాను.

"తప్పుగా అనుకోవద్దమ్మా. మంచుకు తడిసి రాయి మాదిరి అయిపోయ. రెండు దినాలైనా ఆరల్యా. పొద్దున సావుకారి అంగడి తెరిచేలోపల అన్నీ మూటగట్టుకొని పోవల్ల. అంత బరువు యాడ మోసేది? పైగా దాని నిండా కంతలే, గాలి ఆడతానే ఉంటాది. ఇంకొకామెకు ఇచ్చేస్తి" అంది. కాసేపాగి, "నీకు అల్లేది వస్తాది కదా, చెవులు మూసుకునేట్టు ఒక టోపీ అల్లీయమ్మా" అని అడిగింది.

నాకు సిగ్గు వేసింది. ఆ కంబళిని మా ఖాతాలో పెద్ద జమగా రాసుకున్నాం. ఆమె ఖాతాలో అది మోయలేని బరువు. ఇంతకాలం పద్దులు రాసినదాన్ని, రెండో ఖాతా తెరిచి చూడాలని తోచలేదు. ఈ పాఠం మొత్తం ఆ రెండో ఖాతా గురించే. దానం విలువను తీసుకునేవారి ఖాతాలో కట్టాలి.

ఎవరి కోసం అల్లుతున్నాం?

2011 జనాభా లెక్కల్లో భాగంగా, ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా లెక్కించారు. రోడ్డు పక్కన, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, పెద్ద సిమెంటు గొట్టాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, గుడి మంటపాల్లో ఉండేవారు ఈ లెక్కలోకి వస్తారు. దేశం మొత్తం మీద అటువంటివారు 17.73 లక్షల మంది అని తేలింది. వారిలో 9.38 లక్షల మంది పట్టణాల్లోనివారు.

జనాభా లక్షకు ఒక ఆశ్రయం చొప్పున పట్టణాల్లో రాత్రి బస ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి పథకంలోనూ ఇదే లెక్క పెట్టారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన టోపీ ఇంటికి బదులు కాదు. మీ ఊళ్ళో రాత్రి ఆశ్రయం ఎక్కడుందో తెలుసుకొని బయట పడుకున్నవారికి చెప్పడం కూడా ఈ సేవలో భాగమే. టోపీ పట్టుకొని వెళ్ళేటప్పుడు ఆ చిరునామా కూడా పట్టుకొని వెళ్ళండి.

చలి ఎలా పనిచేస్తుంది?

బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు సగటున 15-16 డిగ్రీలు ఉంటాయి. ఇంట్లో పడుకునేవారికి అది హాయి. బయట పడుకున్నవారికి, అందునా అర్ధాకలితో ఉన్న ముసలివారికి హాయి కాదు. శరీరం లోపలి వేడి సుమారు 37 డిగ్రీలు. అది 35 కంటే తగ్గితే ప్రమాదం మొదలైనట్టే. బట్టలు తడిసి ఉంటే, గాలి వీస్తుంటే మంచు పడని ఊళ్ళలో కూడా ఆ ప్రమాదం ఉంటుంది.

ఊలు తనంతట తాను వేడి పుట్టించదు. దారాల మధ్య చిక్కుకొని కదలకుండా ఉన్న గాలి, మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. కంతలు పెద్దవైతే ఆ గాలి నిలవదు. మా కంబళిలో జరిగింది అదే.

శరీరం వేడిలో సగం తల నుంచే పోతుందని చాలామంది చెబుతుంటారు. అది నిజం కాదు. తల శరీర ఉపరితలంలో దాదాపు పదోవంతు, దాని నుంచి పోయే వేడి కూడా ఇంచుమించు ఆ మేరకే. అయితే ఒళ్ళంతా కప్పుకొని తల ఒక్కటే వదిలేస్తే, గాలి తగిలేది ఆ తలకూ చెవులకే. దుప్పటి ఉన్న మనిషికి టోపీ పనికొచ్చేది అందుకే.

ఇంకొక సంగతి మరువకండి. పడుకున్నవారి వేడిని కింది నేల కూడా లాగేస్తుంది. పైన ఎంత కప్పుకున్నా కింద ఏమీ లేకపోతే లాభం తక్కువ. ఒక చాపో, మందపాటి అట్టో కింద ఉండాలి. అమెరికాలో కొందరు వాడేసిన ప్లాస్టిక్ సంచులను పీలికలుగా కత్తిరించి, క్రోషే సూదితో చాపలు అల్లి ఇస్తున్నారు. అవి తేలిక, నీరు పీల్చవు. ఒక్కో చాపకు కొన్ని వందల సంచులు పడతాయి.

లేసు వేరు, చలి వస్తువు వేరు

యానాం వైపు పాఠకులకు క్రోషే గురించి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. గోదావరి జిల్లాల్లో నర్సాపురం చుట్టుపక్కల స్త్రీలు తరతరాలుగా లేసు అల్లుతున్నారు. అది సన్నని నూలు దారంతో చేసే పని. అందులో అందమంతా ఖాళీల్లోనే ఉంటుంది. చలి వస్తువులో ఆ ఖాళీలను మూసేయాలి. క్రోషే వచ్చినవారు పొడుగు కుట్లు మానేసి, దగ్గర దగ్గరగా పొట్టి కుట్లు వేయండి. క్రోషేకు రెండు సూదుల అల్లిక కంటే ఊలు ఎక్కువ పడుతుందని, సాగడం తక్కువని కూడా గుర్తుంచుకోండి. తలకు పట్టి ఉండాల్సిన టోపీకి రెండు సూదుల అల్లికే మేలు.

అంగట్లో ఊలు పేరుతో దొరికేది చాలావరకు యాక్రిలిక్. చిన్న ముక్క తీసి, పెద్దల ఎదుట, పళ్ళెంలో పెట్టి కాల్చి చూడండి. అసలు ఊలు వెంట్రుక కాలిన వాసనతో బూడిద అవుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి గుండులా మారుతుంది. చలిమంట దగ్గర కూర్చునేవారికి ఈ తేడా ముఖ్యం. కరిగిన దారం చర్మానికి అంటుకుంటుంది. అసలు ఊలు తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది, కానీ ఖరీదు ఎక్కువ. వేడి నీటిలో ఉతికితే ముడుచుకుపోతుంది. యాక్రిలిక్ చవక, ఉతకడం సులువు, త్వరగా ఆరుతుంది. తీసుకునేవారు మంట కాచుకుంటారా, ఉతుక్కునే వీలుందా అని కనుక్కొని దారం ఎంచుకోండి.

ఇప్పుడు లెక్క

కామర్స్ విద్యార్థులు కాగితం, పెన్ను తీసుకోండి. లెక్క సులువుగా ఉండడానికి 100 గ్రాముల ఊలు 100 రూపాయలనుకుందాం.

టోపీ: ఊలు, వృథాతో కలిపి, 100 గ్రాములు. ఖర్చు 100 రూపాయలు. కొత్తగా నేర్చుకున్నవారికి శ్రమ 10 గంటలు.

కంబళి: ఊలు 1,200 గ్రాములు. ఖర్చు 1,200 రూపాయలు. శ్రమ 100 గంటలకు పైనే.

అంగట్లో తయారైన కంబళి 400 రూపాయలనుకుంటే, మన ఒక్క కంబళి ఊలు డబ్బుతో మూడు కంబళ్ళు వస్తాయి. ముగ్గురికి కప్పగలిగిన డబ్బుతో ఒక్కరికే కప్పుతున్నామన్నమాట. కాబట్టి కంబళి కొని ఇవ్వండి, అల్లకండి.

మరి టోపీ? ఫుట్‌పాత్ మీద టోపీ కూడా 100 రూపాయలకే దొరకవచ్చు. అప్పుడు అల్లి ఏం లాభం? ఈ ప్రశ్న దాటవేయకూడదు. నా అనుభవంలో మూడు సందర్భాల్లో అల్లకం గెలుస్తుంది.

ఒకటి, ఊలు కొననక్కర లేనప్పుడు. ప్రతి ఇంట్లో మిగిలిన ఉండలు, పొట్టి అయిపోయిన స్వెట్టర్లు ఉంటాయి. వాటి మీద పెట్టిన ఖర్చు ఎప్పుడో అయిపోయింది. స్వెట్టర్ విప్పి, దారాన్ని కుర్చీ వీపుకు చుట్టి, చిలపగా కట్టి, తడిపి ఆరేస్తే మెలికలు పోతాయి.

రెండు, కావలసిన రకం అంగట్లో దొరకనప్పుడు. చెవులూ మెడా కప్పే పొడుగు, పెద్ద తలకు సరిపోయే సాగుడు, గట్టి అల్లకం చవక టోపీల్లో అరుదు.

మూడు, మీ గంటకు వేరే మంచి ఉపయోగం లేనప్పుడు. బస్సులో, టీవీ ముందు పోయే గంటలు అటువంటివి. పరీక్షల ముందు గంట అటువంటిది కాదు. అప్పుడు సూదులు లోపల పెట్టి పుస్తకం తీయండి.

ఈ మూడూ లేకపోతే డబ్బు పోగుచేసి కొని ఇవ్వడమే నిజమైన సేవ. అల్లితేనే పుణ్యం ఎక్కువని ఎవరైనా అంటే నమ్మకండి.

టోపీ అల్లే పద్ధతి

కావలసినవి: 8 నంబరు సూదులు రెండు, 50 గ్రాముల మధ్యరకం ఊలు ఉండలు రెండు, మొద్దు మొన ఉన్న పెద్ద కుట్టు సూది. మన అంగళ్ళలోని పాత నంబర్లలో అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు.

1. సూది మీద 102 కుట్లు వేసుకోండి.

2. మొదటి వరుస: రెండు ప్లెయిన్, రెండు పర్ల్ చొప్పున అల్లి, చివర రెండు ప్లెయిన్‌తో ముగించండి.

3. రెండో వరుస: రెండు పర్ల్, రెండు ప్లెయిన్ చొప్పున అల్లి, చివర రెండు పర్ల్‌తో ముగించండి.

4. ఈ రెండు వరుసలే 11 అంగుళాల పొడవు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అల్లండి. నిలువు చారలు వస్తాయి. రబ్బరులా సాగి ఏ తలకైనా సరిపోతుంది.

5. తర్వాతి వరుసలో రెండేసి కుట్లు కలిపి ప్లెయిన్ అల్లండి. 51 మిగులుతాయి. ఒక వరుస పర్ల్ అల్లండి. మళ్ళీ రెండేసి కలపండి. చివరి ఒంటి కుట్టుతో కలిపి 26 మిగులుతాయి.

6. ఒక మూరెడు దారం వదిలి కత్తిరించి, కుట్టు సూదితో ఆ 26 కుట్లలోంచి లాగి బిగించండి. అదే దారంతో పక్క కుట్టు వేయండి.

కింది మూడు అంగుళాలు పైకి మడిస్తే చెవుల మీద రెండు పొరలవుతాయి. చలి ఎక్కువైతే మడత దించుకుంటే మెడ దాకా వస్తుంది. ముందు పది వరుసలు అల్లి చూపించుకోండి. తప్పు అక్కడ విప్పడం తేలిక.

కలిసి చేసేటప్పుడు

అమెరికాలో 1991లో ఈవీ రోజెన్ అనే ఆవిడ మొదలుపెట్టిన 'వార్మ్ అప్ అమెరికా'లో ఒక్కొక్కరు 7 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవు ముక్కలు అల్లి పంపితే, మరొకరు వాటిని కంబళ్ళుగా కలుపుతారు. చెన్నైలో 2016 జనవరిలో 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' సభ్యులు 11,148 చదరపు మీటర్ల క్రోషే కంబళితో గిన్నిస్ రికార్డు సాధించారు. దాన్ని విడదీసి అవసరమైనవారికి పంచారు. పని పంచుకుంటే ఎంత జరుగుతుందో చూడండి. మీకు కంబళే చేయాలని ఉంటే దాచుకోవడానికి, ఉతికి ఆరేయడానికి వీలున్న ఆశ్రయానికి ఇవ్వండి. ముందుగా అక్కడివారిని అడిగి మొదలుపెట్టండి.

ఇచ్చేటప్పుడు

ఉతికి ఆరబెట్టి ఇవ్వండి. ముదురు రంగులు మేలు, మురికి త్వరగా కనబడదు. రెండు మూడు రంగులు పట్టుకెళ్ళి, ఏది కావాలో ఎంచుకోమనండి. వద్దంటే బలవంతం చేయకండి. నిద్రలో ఉన్నవారిని లేపకండి. ఫోటోలు తీయకండి. స్కాలర్‌షిప్ అందుకునే మీకు ఈ చివరి మాట నేను విడమరిచి చెప్పనక్కర లేదు. తీసుకునే చేతికి ఏది గౌరవంగా ఉంటుందో, ఏది గుచ్చుకుంటుందో మీకు నాకంటే బాగా తెలుసు.

ఆ అవ్వకు 2020 జనవరిలో గోధుమరంగు టోపీ ఇచ్చాను. అక్కడికక్కడే పెట్టుకొని, చెవుల మీదికి లాక్కొని, "ఇది సరిపాయ" అంది. ఫిబ్రవరి దాకా నేను చూసిన ప్రతిసారీ అది ఆమె తల మీదే ఉంది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. తర్వాత ఆ అంగడి ముందు ఆమె నాకు కనబడలేదు. అప్పటినుంచి ఏ వస్తువు మొదలుపెట్టినా, ఇది తడిస్తే ఎక్కడ ఆరుతుంది, పొద్దున్నే ఎవరు మోస్తారు అని ముందు అడుగుతున్నాను.

అభ్యాసం

1. మీ ఇంట్లో మిగిలిన ఊలు తూచి, ఎన్ని టోపీలకు సరిపోతుందో లెక్క కట్టండి.

2. మీ ఊరి ధరలతో టోపీ, మఫ్లర్, కంబళి మూడింటికీ ఖర్చు పట్టిక వేయండి. ఏది అల్లాలో, ఏది కొనాలో కారణంతో రాయండి.

3. మీ ఊళ్ళో రాత్రి ఆశ్రయానికి పెద్దలతో కలిసి వెళ్ళి, అక్కడివారికి ఏం కావాలో అడిగి రాసుకోండి. అల్లడం ఆ తర్వాతే మొదలుపెట్టండి.

మీ చదువులు చక్కగా సాగాలని ఆశీర్వదిస్తూ సెలవు.