ఒంటరిగా, మౌనంగా ఒక నడక



ఈమధ్య ఒక కుటుంబాన్ని దర్శించడానికి వెళ్లినప్పుడు ఆ ఇంటి పెద్దాయన, "రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తున్నాను ఫాదర్‌గారూ, షుగరు అదుపులోకి వచ్చింది" అని సంతోషంగా చెప్పారు. నడుస్తూ ఏం చేస్తారని అడిగాను. నలుగురు మిత్రులు కలిసి వెళ్తారట. రాజకీయాలు, భూముల ధరలు, పిల్లల వీసాలు మాట్లాడుకుంటారట. మిత్రులు రాని రోజున చెవుల్లో ఇయర్‌ఫోన్లు. "ఒక్కణ్ణే ఊరికే నడవాలంటే ఏదో భయంగా ఉంటుందండీ" అని నవ్వారు.

నవ్వుతూ అన్నా ఆ మాట నిజం. నడక శరీరానికి మంచిదని మీకు నేను చెప్పనక్కరలేదు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవడం లాంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మీ డాక్టరుగారూ చెబుతారు. నేను రాయదలచినది ఆ పెద్దాయన భయం గురించి.

2016లో మా అమ్మ చనిపోయింది. అప్పుడు నేను కృష్ణా డెల్టాలో ఒక విచారణలో ఉన్నాను. సమాధి కార్యక్రమం, ఆ తరువాతి పూజలు అన్నీ నేనే జరిపించాను, వచ్చినవారందరినీ నేనే ఓదార్చాను. విచారణకు తిరిగి వచ్చాక మాత్రం ప్రార్థన పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడేవి గాని అర్థం తలకెక్కేది కాదు. ఏం చేయాలో తోచక సాయంత్రం పూట కాలువ కట్ట మీద నడవడం మొదలుపెట్టాను. ఫోను గదిలోనే పెట్టి వెళ్లేవాణ్ణి.

మొదటి వారం శాంతి దొరికిందని చెబితే అబద్ధమాడినట్లే. బయట మాట ఆగేసరికి లోపల సంత మొదలైంది. గుడి మరమ్మతుల లెక్కలు, సంఘ సమావేశంలో ఎవరో అన్న మాట, దానికి నేను ఇవ్వవలసిన జవాబు, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి. రోజూ అదే సరుకు రావడంతో కొన్నాళ్లకు వాటి మీద నాకే విసుగు పుట్టింది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో ఆ గోల కొంచెం తగ్గింది. అప్పుడు, "ఒక్క పూట వచ్చి పోరా" అని ఆఖరి నెలల్లో అమ్మ ఫోనులో అడిగితే, "పండుగ అయ్యాక వస్తానమ్మా" అన్న నా గొంతు నాకు వినిపించింది. కట్ట మీద కూర్చుని ఏడ్చాను. సమాధి దగ్గర రాని ఏడుపు అది.

దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఇంటి పంపకం దగ్గర మాట పట్టింపు వచ్చి మా అన్నయ్యతో నేను మూడేళ్లుగా సరిగా మాట్లాడడం లేదు. న్యాయం నా వైపే ఉందని నా నమ్మకం. రోజూ నడుస్తూ ఆ న్యాయాన్ని నాకు నేనే వినిపించుకోగా, అందులోని బొక్కలు కూడా కనబడ్డాయి. ఎదురుగా ఎవరైనా ఉంటే వాదించి గెలిచేవాణ్ణి. కాలువ నీళ్లతో ఎవరు వాదిస్తారు? ఒక సాయంత్రం గదికి రాగానే ఫోను చేశాను. తప్పు ఎవరిదన్న సంగతి ఆ రోజు ఇద్దరమూ ఎత్తలేదు. "అన్నం తిన్నావా?" అని అడిగాడు, అంతే.

ఆ రోజుల్లోనే ఆదికాండము 24వ అధ్యాయం నాకు కొత్తగా అర్థమైంది. పెండ్లి పూజల్లో ఎన్నోసార్లు విన్న కథే. అబ్రహాము సేవకుడు రిబ్కాను తీసుకొని వస్తున్న సాయంకాలం ఈసాకు ఒక్కడే పొలంలోకి వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో చెప్పే హీబ్రూ మాట బైబులులో మరెక్కడా ఈ రూపంలో కనబడదు. అందుచేత పండితులు కొందరు 'ధ్యానించడానికి' అని, కొందరు 'నడవడానికి' అని అనువదించారు. నన్నడిగితే ఆ రెండింటి మధ్య గోడ కట్టనక్కరలేదు. ముందు అధ్యాయంలోనే అతని తల్లి సారా చనిపోయింది. తల్లి మరణానంతరం అతడు ఊరట పొందాడని 67వ వచనం చెబుతుంది. ఆ ఊరట రిబ్కా వల్ల కలిగింది, నడక వల్ల కాదు. కాని కన్నులెత్తి ఒంటెలను చూసేవేళకు అతడు ఆ పొలంలో ఒంటరిగా ఉన్నాడు. క్రీస్తు ప్రభువు కూడా తెల్లవారక ముందే లేచి నిర్జన ప్రదేశానికి వెళ్లాడని మార్కు సువార్త (1:35) చెబుతుంది. అంతకు ముందు సాయంత్రం ఊరంతా ఆ ఇంటి వాకిట్లోనే ఉంది.

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు కాంట్ గారి నడక గురించి విని నవ్వుకునేవాళ్లం. ఆయన బయలుదేరే వేళను బట్టి ఇరుగుపొరుగు గడియారాలు సరిచేసుకునేవారట. ఆయన మధ్యాహ్న భోజనం ఎప్పుడూ అతిథులతోనే. నడక మాత్రం, ముఖ్యంగా పెద్ద వయసులో, ఒంటరిగానే. మాట్లాడితే నోటితో గాలి పీల్చవలసి వస్తుందని ఆయన భయమట! కారణం ఏదైతేనేం, బల్ల దగ్గర మాట, దారిలో మౌనం అన్న ఆ ఏర్పాటు మన ఇళ్లకు కూడా పనికివస్తుంది. మనం దానిని తలకిందులు చేసుకున్నాం. భోజనం దగ్గర ఎవరి ఫోను వారిది, దారిలో అందరితో కబుర్లు.

నేటి పరిశోధకులూ దీనిని పరీక్షించి చూశారు. కూర్చున్నప్పటి కంటే నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు ఎక్కువగా వస్తాయని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2014లో ప్రకటించారు. 2015లో అక్కడివారే, చెట్లూ గడ్డీ ఉన్న చోట 90 నిమిషాలు నడిచినవారిలో మనసు గతాన్ని తవ్వుకుంటూ తనను తాను నిందించుకోవడం కొంత తగ్గిందనీ, రద్దీ రోడ్డు పక్కన నడిచినవారిలో అలా తగ్గలేదనీ గమనించారు. 90 నిమిషాలు మనలో ఎవరికి కుదురుతుంది? ఇరవై నిమిషాలతో మొదలుపెట్టండి. తెలిసిన దారినే ఎంచుకోండి, కొత్త దారిలో కళ్లకు పని ఎక్కువ. జపమాల చెబుతూ నడవడం మంచి అలవాటే, మానవద్దు. నేను చెప్పేది వేరు. ఈ ఇరవై నిమిషాలు జపమాల కూడా జేబులోనే ఉండనివ్వండి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. నిద్ర, ఆకలి లేకుండా, బ్రతుకే వద్దనిపించేంత దుఃఖంలో ఉన్నవారిని ఒంటరిగా పంపకండి. వారికి కావలసింది తోడు, వైద్యం.

ఈ మాటలే ఒక ఆదివారం ప్రసంగంలో చెప్పాను. పూజ తరువాత ఒక తల్లి వచ్చి, "మగవాళ్లకైతే సరే ఫాదర్‌గారూ. నేను సాయంత్రం ఒక్కదాన్నే రోడ్డు మీద నడిస్తే 'ఎక్కడికి?' అని పదిమంది అడుగుతారు. ఇంట్లో కూడా అడుగుతారు" అంది. నా దగ్గర జవాబు లేదు. నాకు కాలువ కట్ట దొరికినంత సులభంగా ఆమెకు దొరకదని నేను ఆలోచించనే లేదు.

ఇప్పుడు మా గుడి ఆవరణ గేటు సాయంత్రం 5 గంటల నుంచి 6.30 వరకు తీసే ఉంచుతున్నాం. వేపచెట్ల కింద ఒక చుట్టు తిరిగితే నాలుగు నిమిషాలు పడుతుంది. నడుస్తున్నవారిని పలకరించవద్దని వాచ్‌మన్‌కు చెప్పాను, నేనూ వరండాలోకి రావడం మానుకున్నాను. మొదటి వారం ఇద్దరే వచ్చారు. ఇప్పుడు ఏడెనిమిది మంది వస్తున్నారు, ఒకరికొకరు దూరంగా నడుస్తున్నారు. మొన్న వాళ్లలో ఒకామె భర్త గేటు దాకా వచ్చి, ఆమె కోసం లోపలికి చూసి, పిలవకుండా బయటే నిలబడ్డాడు.