ట్రాక్టరు వెనుక అద్దమును రాళ్ళ దెబ్బ నుండి కాపాడుకొనుట

పత్తి తీత ముగిసిన పిమ్మట మోళ్ళను తగులబెట్టక, ట్రాక్టరుకు తగిలించిన ష్రెడ్డరుతో ముక్కలు చేసి భూమిలో కలుపు పద్ధతిని మన రైతులు కొందరు అవలంబించుచున్నారు. ఎండి మిగిలిన కాయలలో దాగిన గులాబి రంగు పురుగు తరువాతి పంటకు చేరకుండుటకు ఇది మంచి పద్ధతియే. కాని రాళ్ళున్న పొలములో ఈ యంత్రమును అజాగ్రత్తగా నడిపినచో ట్రాక్టరు వెనుక అద్దము పోవును, ఒక్కొక్కప్పుడు మనిషికే దెబ్బ తగులును.

గడచిన వేసవిలో నేనొక చెలక భూమికి వెళ్ళినప్పుడు, క్యాబిన్ గల ట్రాక్టరు ఒకటి గట్టు ప్రక్కన ఆగియుండెను. వెనుక అద్దము మొత్తము రాలి, సీటు వెనుక కల్లుప్పు పోసినట్లు పడియుండెను. దానిని పగులగొట్టిన రాయిని డ్రైవరు నా చేతిలో పెట్టెను. అది రేగుపండుకన్న పెద్దది కాదు. "ఇంత రాయికి అంత అద్దం ఎట్లా పోయింది సార్?" అని అతడడిగెను.

ఆ అద్దము తయారైన విధమును బట్టియే అట్లు రాలును. దానిని బాగుగా కాల్చి, గాలితో ఒక్కసారిగా చల్లార్చెదరు. అందుచేత పైపొర బిగుసుకొని, లోపలి భాగము లాగబడిన స్థితిలో నిలిచియుండును. మామూలు అద్దముకన్న ఇది గట్టిదే. కాని ఒక్కచోట పైపొర తెగి దెబ్బ లోనికి దిగినచో, లోపల ఉన్న బిగువంతయు ఒకేసారి విడి, అద్దము గింజలు గింజలుగా రాలును. కోసుకొనిపోవు పెద్ద పెంకులు రాకుండుటకే అట్లు చేసినారు. కార్ల ముందు అద్దములో రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉండును గనుక చిన్న దెబ్బను జిగురుతో పూడ్చవచ్చును. ఈ వెనుక అద్దమునకు మాత్రము మరమ్మతు లేదు, కొత్తది వేయవలసినదే.

ఇక రాయి ఎటునుండి వచ్చినది? రోటవేటరు కత్తులు చక్రములు తిరుగు వైపునకే తిరుగును గనుక మట్టిని, రాళ్ళను వెనుకకు విసరును. ష్రెడ్డర్లలోను, మల్చర్లలోను చాలవాటికి సుత్తి బ్లేడ్లు ఇందుకు ఎదురు దిశలో తిరుగును. నేలకు దగ్గరగా వచ్చినప్పుడు అవి ట్రాక్టరు వైపునకే కదలుచుండును. పి.టి.ఓ. షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు తిరిగినను, గేరుబాక్సు, బెల్టులు ఆ వేగమును అనేక రెట్లు పెంచును. బ్లేడు కొనలు అర మీటరు వ్యాసము గల చక్రముగా నిమిషమునకు 2000 చుట్లు తిరుగునని లెక్క కట్టి చూడుడు. కొన వేగము సెకనుకు 52 మీటర్లు, అనగా గంటకు 188 కిలోమీటర్లు! ఆ దెబ్బ తగిలిన రాయి తుపాకి గుండువలె వచ్చుటలో వింత లేదు.

కనుక రాయిని అద్దము వద్ద ఆపుటకన్న యంత్రము వద్దనే ఆపవలెను. యంత్రము ముందు అంచున వ్రేలాడు గొలుసులు, లేక రబ్బరు పట్టీలు ఇందుకే ఉన్నవి. మోళ్ళకు అడ్డు తగులుచున్నవని వీటిని విప్పి పారవేసిన వారిని నేను చూచితిని. ఇది చాల తప్పు. తెగిన గొలుసు స్థానమున వెంటనే కొత్తది వేయవలెను. అద్దెకు యంత్రములిచ్చు కేంద్రములను తనిఖీ చేయు గ్రామాధికారులు మొట్టమొదట చూడవలసినది ఈ గొలుసులనే.

రెండవది ఎత్తు. బ్లేడ్లు మట్టిని తాకరాదు. ప్రక్క పట్టాలను, వెనుక రోలరును సరిచేసి, నేలకు బ్లేడుకు నడుమ రెండు మూడు అంగుళముల ఎడము ఉంచుడు. మోడు కొంచెము పొడవుగా మిగిలినను నష్టము లేదు, తరువాతి దుక్కిలో పోవును. టాప్ లింకును మరీ పొడవు చేసినచో యంత్రము ముందు భాగము పైకి లేచి, రాళ్ళకు ట్రాక్టరు వైపు దారి తెరచుకొనును. సాలు చివర మలుపు తిరుగునప్పుడు పి.టి.ఓ. ఆపకుండ యంత్రమును పైకెత్తుట అంతకన్న ప్రమాదము. ముందు పి.టి.ఓ. ఆపి, బ్లేడ్లు నిలిచిన తరువాతనే ఎత్తవలెను. కాలము పోవునని డ్రైవర్లు దీనిని ఒప్పుకొనరు. కొత్త అద్దము వచ్చువరకు పని ఆగిన రోజులను లెక్కించుకొన్నచో ఒప్పుకొందురు.

పని మొదలుపెట్టుటకు ముందురోజు పొలములో ఒకసారి తిరిగి, గట్ల వెంబడి, బండి దారి వద్ద రాళ్ళను ఏరించుడు. నల్లరేగడిలో రాళ్ళు లేవనుకొనరాదు, సున్నపు గడ్డలు కూడ చాలును.

ఇన్ని చేసిన తరువాత అద్దమునకు అడ్డు పెట్టుకొనవచ్చును. అర అంగుళము కన్నులు గల ఇనుప జాలీని చట్రమునకు బిగించి, అద్దమునకు నాలుగైదు అంగుళముల దూరమున నిలుపవలెను. అద్దమునకు ఆనించినచో జాలీ వంగి అదియే అద్దమును పగులగొట్టును. జాలీకి బదులు పాలికార్బొనేట్ పలకయైనను వాడవచ్చును. దానిని తడి గుడ్డతో తుడువవలెనే గాని పెట్రోలు, థిన్నరు తగులనీయరాదు. చట్రము కొరకు క్యాబిన్ స్తంభములకు రంధ్రములు వేయరాదు, వెల్డింగు చేయరాదు. ట్రాక్టరు తిరగబడినప్పుడు ప్రాణము కాపాడునవి ఆ స్తంభములే. చాల క్యాబిన్లలో వెనుక అద్దమే ఆపదలో బయటపడు దారి గనుక, చట్రము లోపలినుండి చేతితో ఊడదీయుటకు వీలుగా ఉండవలెను. అద్దముపై అతికించు ఫిల్ము రాలిన ముక్కలను కొంతవరకు పట్టి ఉంచునే గాని, పగులుటను ఆపదు.

మన ట్రాక్టర్లలో పెక్కింటికి క్యాబినే లేదు. అట్టి చోట అద్దమునకు తగులవలసిన రాయి డ్రైవరు వీపునకు, తలకు తగులును. గొలుసులు లేని ష్రెడ్డరును క్యాబిన్ లేని ట్రాక్టరుకు ఎట్టి పరిస్థితిలోను తగిలింపవలదు. యంత్రము నడుచునప్పుడు 100 మీటర్ల లోపల మనుషులను, పశువులను ఉండనీయరాదు. ట్రాక్టరు వెంట పరుగెత్తు పిల్లలను ముందుగానే ఇంటికి పంపివేయుడు.

ఒకవేళ అద్దము పగిలినచో ఇంజను ఆపి, గింజలను చేతితో గాక చీపురుతో గోనెసంచిలోనికి ఎత్తుడు. పొలములో రాలిన చోటును గుర్తుపెట్టి, అక్కడి ఆకును, గడ్డిని పశువులకు మేపవద్దు.