నేతపేటలలో గర్భిణుల రక్తహీనత

సూరత్ నగరమున లింబాయత్, ఉధనా ప్రాంతముల మరమగ్గముల నడుమ నివసించు తెలుగు కుటుంబములలో పెక్కు తెలంగాణ జిల్లాలనుండి వలసవచ్చిన నేతపనివారివి. పురుషులు మగ్గములకడ పన్నెండేసి గంటలు నిలిచి పనిచేయుదురు. స్త్రీలలో చాలమంది ఇంటియొద్దనే చీరలకు అంచులు కుట్టుట, రాళ్ళు అంటించుట, దారములు కత్తిరించుట వంటి పనులు చేయుదురు. ఇట్టి యింటిలో గర్భవతియైన కోడలు ఆయాసముగా నున్నదనియు, కండ్లు తిరుగుచున్నవనియు చెప్పినచో, అత్తగారు "కడుపుతో నున్నప్పుడు ఇది మామూలే" అందురు. ఆ మాటలో సగము నిజము కలదు. గర్భిణికి అలసట సహజమే. ఆ సహజమైన అలసట చాటుననే రక్తహీనత నెలల తరబడి దాగియుండును.

అలసట మితిమీరినప్పుడు ఆమె పేటలోని కుటుంబ వైద్యునికడకు వచ్చును. బలమునకు సూది వేయుడనియో, సెలైను సీసా ఎక్కింపుడనియో ఇంటివారే అడుగుదురు. ఆ సీసాలో నున్నవి నీరు, ఉప్పు, లేదా గ్లూకోజు మాత్రమే. రక్తమునకు కావలసిన ఇనుము అందు రవ్వంతయు లేదు. సీసాకు వెచ్చించు సొమ్ములో కొంతతోనే రక్తపరీక్ష జరుగును. ప్రభుత్వ కేంద్రములలో నది ఉచితము. కనురెప్ప లోపలి భాగమును, నాలుకను, గోళ్ళను చూచుట మంచిదే కాని, కంటిచూపును మాత్రమే నమ్మరాదు.

నేతపనివారి స్త్రీలకును ఈ వ్యాధికిని గల సంబంధము వైద్యచరిత్రలో నెక్కినది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణులకు కలుగు ఒక విధమైన తీవ్ర రక్తహీనతను పరిశోధించెను. ఈస్టు సారముతో అది నయమగుచున్నదని 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణకారి పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లముగా గుర్తింపబడినది. నేడు గర్భిణులకిచ్చు మాత్రలో ఇనుముతోపాటు అదియు చేరియుండుటకు మూలము ఆ మిల్లు కార్మిక స్త్రీలే.

గర్భిణి రక్తములో హీమోగ్లోబిను డెసిలీటరునకు 11 గ్రాములకు తగ్గరాదు. 10 మొదలు 10.9 వరకు స్వల్పము, 7 మొదలు 9.9 వరకు మధ్యమము, 7కు తక్కువైనచో తీవ్రము. ఈ అంకెలకు గల ప్రాముఖ్యము ప్రసవ సమయమున తెలియును. సాధారణ ప్రసవములోనే కొంత రక్తము పోవుట కలదు. రక్తపుష్టి గల స్త్రీ దానిని తట్టుకొనును. తీవ్ర రక్తహీనత గల స్త్రీకి అంతమాత్రపు నష్టమే ప్రాణాపాయము కావచ్చును. ఆమె గుండె అప్పటికే అధికభారముతో పనిచేయుచుండును.

రక్తహీనత లేని గర్భిణియు నాలుగవ నెలనుండి దినమునకొక మాత్ర చొప్పున కనీసము 180 దినములు వాడవలెను. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. స్వల్ప, మధ్యమ రక్తహీనతలకు దినమునకు రెండు మాత్రలిచ్చి, నెలకొకసారి పరీక్షింపవలెను. నెలదినములలో ఒక గ్రామైనను పెరుగనిచో పెద్ద ఆసుపత్రికి పంపవలెను. తీవ్ర రక్తహీనతకు చికిత్స ఆసుపత్రిలోనే జరుగవలెను. 5 గ్రాములకు తక్కువైనచో, లేక చివరి మూడు నెలలలో 7కు తక్కువైనచో, ఆ దినముననే చేర్పింపవలెను. రెండవ త్రైమాసికమున నులిపురుగులకు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోలు ఒక్కసారి ఇచ్చుట కలదు.

మాత్రలు ఇచ్చుటకంటె వానిని మ్రింగించుట కష్టము. మలము నల్లబడగనే భయపడి పలువురు మానివేయుదురు. నల్లబడుట హానికరము కాదని వైద్యుడు ముందే చెప్పియుండవలెను. వికారము కలిగినచో రాత్రి భోజనానంతరము వేసికొనవచ్చును. మాత్రతో చాయ త్రాగరాదు, ఇనుము ఒంటబట్టదు. నిమ్మరసము మేలుచేయును. సున్నపు మాత్రలను (కాల్షియము) రెండు గంటల యెడముంచి వేరుగా వాడవలెను.

ప్రతి దర్శనమునను రక్తపుపోటు చూడవలెను. ఇరువది వారముల తరువాత 140/90, అంతకు మించినచో, విశేషించి తలనొప్పి, చూపు మసకబారుట, కడుపు పైభాగమున నొప్పి ఉన్నచో, ఆలస్యము చేయరాదు. నెలలు నిండుచున్న దశలో రక్తస్రావము కనబడినచో కుటుంబ వైద్యుడు లోపలి పరీక్ష చేయక, 108 వాహనములో ఆసుపత్రికి పంపవలెను. మావి క్రిందుగా నున్నచో ఆ పరీక్షయే పెను రక్తస్రావమునకు కారణమగును.

తెలుగు కుటుంబముల విషయమున మరియొక చిక్కు కలదు. తొలికాన్పునకు పుట్టింటికి పంపుట ఆచారము. సూరత్ నుండి వరంగల్లునకు రైలులో దాదాపు ఒక దినము పట్టును. చీరలు, గాజులు సర్దిన పెట్టెలో మమతా కార్డు మాత్రము మరచుట జరుగుచుండును. వెంట తీసికొనిపోయినను, గుజరాతీ లిపిలో వ్రాసిన మాటలను అక్కడి నర్సు చదువలేదు. గుజరాతీ అంకెలును వేరు. కావున ప్రయాణమునకు ముందు వైద్యుడు హీమోగ్లోబిను, రక్తపుపోటు, రక్తవర్గము, ప్రసవపు అంచనా తేది, ఇచ్చిన టీకాలు, వాడుచున్న మందులు ఇంగ్లీషు అక్షరములలో, అందరెరిగిన అంకెలలో ఒక కాగితముపై వ్రాసి యీయవలెను. ప్రయాణపు వారములోనే రక్తము మరల పరీక్షించుట మంచిది. తీవ్ర రక్తహీనత తేలినచో ప్రయాణమాపి, సూరత్‌లోని న్యూ సివిల్ ఆసుపత్రికో, స్మిమేరుకో ముందు పంపవలెను. బయలుదేరుటకు నిశ్చయించిన ముహూర్తము దాటిపోవుచున్నదని పెద్దలు తొందరించినను, ఆ ఫలితపు అంకెను వారికి చూపి, కాన్పునాటి అపాయమును విడమరచి చెప్పినచో చాలమంది వినెదరు.

ఊరు చేరిన వారముననే పుట్టింటివారు ఆమెను సమీప ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయి పేరు నమోదు చేయింపవలెను. ప్రతి నెల 9వ తేదిన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితముగా వైద్యపరీక్ష జరుపు ఏర్పాటు 2016నుండి దేశమంతట కలదు. కాన్పు తరువాత బిడ్డతో సూరత్‌కు తిరిగివచ్చిన తల్లికిని మాత్రల అవసరము తీరిపోదు. దినమునకొకటి చొప్పున మరి 180 దినములు వాడవలెను. ఆమె బిడ్డకు టీకా వేయించుటకు వచ్చిననాడే వైద్యుడు ఆ మాత్రలనుగూర్చి అడుగవచ్చును.