దుప్పులు ఎండాకాలం ఎలా గట్టెక్కుతాయి?

మణుగూరు, పినపాక, కరకగూడెం, అశ్వాపురం మండలాల్లో అడవి అంచున సేద్యం చేసే రైతులకు దుప్పి కొత్త జంతువు కాదు. పెసర చేలో అడుగుజాడలు, మొక్కజొన్న మోపులో కొరికిన ఆకులు, రాత్రిపూట ‘కూ’ అని ఒక కేక. ఇంతవరకు అందరికీ తెలుసు. కాని మార్చి దాటాక, వాగులు ఎండాక, చెట్లు మోడై నిలబడ్డాక ఈ మందలు ఏం తిని బతుకుతున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? అది తెలిస్తే అవి మన చేలోకి ఎందుకు వస్తున్నాయో, ఎప్పుడు వస్తాయో కూడా తెలుస్తుంది.

చలి దేశాల్లో జింకలకు గడ్డుకాలం చలికాలం. కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోను మంచు మోకాలు దాటి పేరుకుపోతుంది. అక్కడి తెల్లతోక జింకలు దేవదారు జాతి చెట్లు దట్టంగా ఉన్న చోటికి చేరతాయి. కొమ్మలు మంచును పైనే ఆపుతాయి గనుక కింద లోతు తక్కువ. మందంతా ఒకే బాటన తొక్కి తొక్కి దారులు చేసుకుంటాయి. ఆకురాలు కాలంలో పట్టించిన కొవ్వును పొదుపుగా కరిగించుకుంటూ, తిండి తగ్గించి, తిరుగుడు తగ్గించి వసంతం దాకా నెట్టుకొస్తాయి.

మనకు మంచు లేదు. మన దుప్పికి గడ్డుకాలం ఫాల్గుణంలో మొదలై మృగశిర కార్తె దాకా ఉంటుంది. (మృగశిర అంటేనే జింక తల. పేరు పెట్టిన పెద్దలు ఏమనుకున్నారో గాని, జింకకు ఊపిరి వచ్చేది ఆ కార్తెలోనే.) ఎండ 45 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో ఆ మూడు నెలలూ దాని ఎత్తుగడ కూడా చలిదేశపు జింక ఎత్తుగడే. తక్కువ తిరగడం, ఉన్నదానితో సరిపెట్టుకోవడం, నీడను వదలకపోవడం.

రాలిందే తిండి

వానాకాలంలో లేత గడ్డి మొలిచినప్పుడు దుప్పులు పెద్ద మందలుగా మేస్తాయి. గడ్డి ఎండిపోతే మందలు చిన్నవిగా విడిపోతాయి. అప్పుడు వాటికి ఆధారం చెట్టు. ముందు మోదుగ పువ్వు, తరువాత ఇప్పపువ్వు, ఆపైన తునికి పండ్లు, మేడిపండ్లు, వానలు దగ్గరపడ్డాక నేరేడు. వీటి నడుమ రాలిన ఆకు. ఎండుటాకులో సత్తువ తక్కువే. అయినా నెమరువేసే జంతువు గనుక, మన గొడ్డు ఎండు చొప్పతో నెట్టుకొచ్చినట్టే, దుప్పి దానితో ప్రాణం నిలుపుకుంటుంది.

కొండముచ్చు ఉన్న చోట దుప్పి కనబడటం మీరు చూసే ఉంటారు. కొండముచ్చు కొమ్మ మీద సగం కొరికి సగం పారేస్తుంది. ఆ పారేసింది దుప్పి తింటుంది. పైనుంచి చిరుతనో పులినో ముందుగా చూసి కేక వేసేది కొండముచ్చు, కింద పసిగట్టి కేక వేసేది దుప్పి. ఇద్దరికీ లాభమే.

నీళ్ళ సంగతి వేరు. మనుబోతు నీళ్ళు లేకుండా రెండు మూడు రోజులు ఓర్చుకుంటుంది. దుప్పి ఓర్చుకోలేదు, దానికి రోజూ నీళ్ళు కావాలి. కణుజు కూడా నీటిని వదిలి దూరం పోదు. బురద దొరికితే పొర్లుతుంది. అందుకే వేసవిలో మందలన్నీ మిగిలిన మడుగుల చుట్టూ చేరతాయి. వాయవ్యాన ఏటూరునాగారం, నైరుతిన కిన్నెరసాని అభయారణ్యాలు ఉన్నాయి. మధ్యలో ఉన్న మన గుట్టల్లో వాగు ఎండితే తరువాతి నీళ్ళు ఎక్కడ? ఒకపక్క గోదావరి, ఒకపక్క బొగ్గు గనులు, నడుమ మన బోరుబావులు. మిరపతోటకు పారే కాలువ వాసన దానికి దూరం నుంచే తెలుస్తుంది. దొంగతనానికి వచ్చిందనుకుంటాం. చాలాసార్లు అది దాహానికి వస్తుంది, వచ్చాక పచ్చగా కనబడింది కొరుకుతుంది.

నిప్పు పెట్టకండి

ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకులు తగలబెట్టడం మన దగ్గర పాత అలవాటు. తునికాకు లేతగా చిగురించాలని కూడా నిప్పు పెడతారు. ఆ నిప్పు చెట్టు కిందే ఆగితే బాగానే ఉండును, కాని గాలికి గుట్ట ఎక్కుతుంది. దుప్పులు మూడు నెలలు తినవలసిన ఆకు ఒక రాత్రిలో బూడిదవుతుంది. ఆ మర్నాటి నుంచి మంద ఎక్కడికి పోతుంది? మన చేలోకే. అంటే అడవికి పెట్టిన నిప్పు తిరిగి మన పంటకే తగులుతోందన్నమాట. పైగా ఇప్ప మొలకలు మాడిపోతాయి, రేపటి పువ్వు పోతుంది. చెట్టు కింద చీపురుతో ఊడ్చి పాత చీరలో, వలో పరిస్తే పువ్వుకు మట్టి అంటదు. మట్టి లేని పువ్వుకు ధర కూడా బాగా పలుకుతుంది.

పొట్ట మారడానికి పది రోజులు

చలి దేశాల వాళ్ళకు ఒక అనుభవం ఉంది. ఆకలితో ఉన్న జింకల మీద జాలిపడి మంచులో మొక్కజొన్నలు పోస్తే, కొన్ని పొట్ట నిండా తిని మరీ చచ్చిపోయాయి. నెమరువేసే జంతువు మొదటి పొట్టలో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయి, మేతను అరిగించేది అవే. కొమ్మలు, బెరడు తినే రోజుల్లో అందుకు తగినవే ఉంటాయి. ఒక్కసారిగా గింజ పడితే పొట్ట పులిసిపోతుంది, ఆమ్లం పెరుగుతుంది, జంతువు కూలబడుతుంది.

ఇది మన పశువులకూ వర్తిస్తుంది. వేసవిలో చొప్ప మీద బతికిన ఎద్దుకు దుక్కి ముందు బలం రావాలని ఒక్కరోజే కుంచెడు జొన్నలు పెట్టినా, పెళ్ళిలో మిగిలిన అన్నం గేదెకు పోసినా ఇదే జరుగుతుంది. నెమరు ఆగిపోతుంది, పశువు మూలుగుతుంది, పులిసిన వాసనతో పలచగా పారుకుంటుంది. వెంటనే పశువైద్యుడిని పిలవాలి. అసలు ఆ అవసరమే రాకుండా దాణాను పిడికెడుతో మొదలుపెట్టి పది, పదిహేను రోజుల్లో పెంచుకుంటూ పోండి. తొలకరి లేత గడ్డికి తోలేటప్పుడు కూడా ఇంట్లో కాస్త ఎండు మేత వేసి తోలండి.

ఒకే మడుగులో మన మంద, అడవి మంద నీళ్ళు తాగితే రోగాలు అటూ ఇటూ పోతాయి. గాలికుంటు టీకా అడవికి తోలే పశువులకు తప్పనిసరి. గొంతువాపు టీకా వానలకు ముందే వేయించుకోవాలి. మిరపకు మందు కొట్టాక డబ్బాలు, డ్రమ్ములు వాగులో కడగకండి. ఆ నీళ్ళు తాగేది దుప్పి ఒక్కటే కాదు, మన ఆవు కూడా.

చేను కాపాడుకోవడం

దుప్పి కంచె మీదుగా దూకగలదు గాని, సందు దొరికితే కిందనుంచి దూరడానికే ఇష్టపడుతుంది. చాలామంది కంచె ఎత్తు పెంచుతూ పోతారు, అడుగున జానెడు సందు వదిలేస్తారు. ముందు కింది తీగను నేలకు దగ్గరగా బిగించండి, ముళ్ళకంపను అడుగున ఒత్తుగా పేర్చండి. దిష్టిబొమ్మలు, రంగు చీరలు నాలుగు రోజులు పనిచేస్తాయి, అయిదో రోజుకు అలవాటు పడతాయి. చోటు మారుస్తూ ఉంటేనే ఫలితం. వస్తే సందెవేళ, తెల్లవారుజామున వస్తాయి గనుక మంచె మీద కాపలా ఆ రెండు పూటలా గట్టిగా ఉండాలి.

కరెంటు తీగ మాత్రం వద్దంటే వద్దు. అది దుప్పి అని, మనిషి అని చూడదు. రాత్రి మోటారు వేయడానికి పోయిన పక్క చేను రైతు, పొద్దున్నే గొడ్డును వెతుక్కుంటూ వచ్చిన పిల్లవాడు ఆ తీగకే బలైన సంగతులు ఏటా వింటున్నాం. ఉచ్చులు, నాటుబాంబులు కూడా అంతే, నోరు చీలిపోయేది ఎక్కువగా మన ఆవుదే. దుప్పిని చంపితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు శిక్ష పడవచ్చు. పంట పోతే అదేరోజు చేను చూపించి అటవీ రేంజి కార్యాలయంలో అర్జీ ఇవ్వండి, నష్టపరిహారం అడగండి. పశువులు తిరిగి జాడలు చెరిగిపోతే తరువాత రుజువు కష్టం.

ఒంటరిగా పొదలో పడుకున్న దుప్పి పిల్ల కనబడితే తల్లి వదిలేసిందనుకుని ఇంటికి తేకండి. తల్లి మేతకు పోయి ఉంటుంది, పిల్లను దాచిపెట్టడం దాని అలవాటు. మీరు దూరం పోతే తిరిగి వస్తుంది. ఆవుపాలు పోసి పెంచుదామనుకుంటే చాలావరకు బతకదు. వేసవి రాత్రుల్లో కుక్కలను కట్టేయండి. కుక్కలు తరిమిన దుప్పి పంటిగాటు లేకపోయినా భయంతో, పరుగుతో చచ్చిపోతుంది. దాన్ని పట్టుకుని తాళ్ళతో కట్టినా అంతే.

చేలో గట్టు లేని బావి ఉంటే చుట్టూ కంప వేయండి. రాత్రిపూట నీటివాసనకు వచ్చి పడిపోయేవి చాలా. వాగులో చెలమ తవ్వుకున్నవారు బిందెలు నిండాక పూడ్చకుండా, ఒకవైపు ఇసుకను ఏటవాలుగా లాగి వదిలేయండి. అడవి వైపు ఆ చెలమలో నాలుగు బిందెల నీళ్ళు ఊరితే ఆ రాత్రి మంద మీ మిరపతోట దాకా రావలసిన పని ఉండదు.