ఆటలో అరటిపండు ఎవరూ ఉండొద్దు



ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లలు ఈ నెల ఇంటికి తెచ్చే ప్రాజెక్టు చూసి మీలో కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. చార్టు లేదు, థర్మోకోల్ లేదు, ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే జవాబూ లేదు. తమకు తెలిసిన రెండు ఆటలను కలిపి ఇప్పటిదాకా లేని ఒక ఆట తయారు చేయాలి. నియమాలు ఒక్క పేజీలో రాయాలి. ఆ పేజీ చదివిన వేరే సెక్షన్ పిల్లలు, రాసినవాళ్లను ఒక్క మాట కూడా అడగకుండా ఆడగలగాలి. ఆగస్టు 29 ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. ఆ రోజు ఈ ఆటలన్నీ గ్రౌండ్‌లోకి దిగుతాయి.

"చదువుకోవాల్సిన టైంలో ఇదేం పని సార్?" అని అడిగేవారు ఉంటారు. అడగాల్సిన ప్రశ్నే. ఫీజు కట్టేది మీరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నిజానికి ఆట తయారు చేయడం మీకు కొత్త కాదు. నిజామాబాద్ గల్లీల్లోనో, బోధన్ షక్కర్‌నగర్ క్వార్టర్ల మధ్యనో క్రికెట్ ఆడిన వాళ్లను అడగండి. బంతి పక్కింటి గోడ దాటితే సిక్స్ కాదు, ఔట్. ఎందుకంటే ఆ ఇంటావిడ బంతి తిరిగి ఇవ్వదు. చోటు తక్కువ కాబట్టి ఒక టప్పా పడ్డాక పట్టుకున్నా క్యాచే. పిల్లలు బేసి సంఖ్యలో ఉంటే మిగిలినవాడు రెండు వైపులా బ్యాటింగ్ చేస్తాడు. ఈ నియమాలు ఏ క్రికెట్ పుస్తకంలోనూ లేవు. చోటును బట్టి, చేతిలో ఉన్న బంతిని బట్టి, వచ్చిన పిల్లలను బట్టి మీరే కట్టుకున్నారు.

అందులోనే ఇంకొకటి కూడా ఉండేది. ఏడుస్తూ వెంటపడిన చిన్న తమ్ముడినో చెల్లినో కాదనలేక ఆటలో కలుపుకునేవాళ్లం. వాళ్లు ఔటైనా ఔట్ కాదు, పరుగు తీసినా లెక్క కాదు. ఆటలో అరటిపండు. చిన్నప్పుడు అది ముద్దుగానే ఉంటుంది. పదమూడేళ్ల పిల్లవాడు గేమ్స్ పీరియడ్‌లో రోజూ అరటిపండుగా నిలబడితే ముద్దుగా ఉండదు. లావుగా ఉన్నాడనో, కళ్లద్దాలు ఉన్నాయనో, పరుగు రాదనో టీములు పంచుకునేటప్పుడు చివరిదాకా మిగిలిపోయే పిల్లలు ప్రతి సెక్షన్‌లో ఉంటారు. ఈ ప్రాజెక్టులో మేము పెట్టిన గట్టి షరతు ఒక్కటే. మీరు తయారు చేసే ఆటలో అరటిపండు ఎవరూ ఉండకూడదు.

నియమం అంటే శిక్ష అని పిల్లలు అనుకుంటారు. అది కాదని చెప్పడానికి బాస్కెట్‌బాల్ పుట్టుక కంటే మంచి పాఠం లేదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడికి ఒక పని అప్పగించారు. బయట చలి, లోపల విసిగిపోయిన 18 మంది విద్యార్థులు. హాల్లో ఆడుకునే కొత్త ఆట ఒకటి రెండు వారాల్లో తయారు చేయాలి. తెలిసిన ఆటలే నాలుగు గోడల మధ్య ఆడిస్తే దెబ్బలు తప్పేలా లేవు. ఆటగాడిని ఎందుకు పట్టి పడేస్తున్నారని ఆయన ఆలోచించాడు. బంతి పట్టుకుని పరుగెత్తుతున్నాడు కాబట్టి. అయితే బంతి పట్టుకున్నవాడు పరుగెత్తకూడదు అంటే సరి, పడేయాల్సిన అవసరమే పోతుంది. గోల్ ఎదురుగా ఉంటే బలంకొద్దీ విసురుతారు. దాన్ని తల పైన, పది అడుగుల ఎత్తున, నోరు పైకి ఉండేలా పెడితే బలం పనికిరాదు, మెల్లగా వంపుగా వేయాల్సిందే. ఈ రెండో ఆలోచన ఆయనకు చిన్నప్పుడు కెనడాలో ఆడిన ఆట నుంచి వచ్చింది. పెద్ద బండ మీద చిన్న రాయి పెట్టి దూరం నుంచి రాయి విసిరి పడగొట్టే ఆట అది. మన ఏడు పెంకులాటకు దూరపు చుట్టం అనుకోండి. గోల్ కోసం దొరికినవి పీచ్ పండ్ల బుట్టలు. 13 నియమాలు రాసి బోర్డుకు అంటించాడు. మొదటి మ్యాచ్‌లో పడింది ఒక్కటే గోల్.

నాలుగేళ్ల తర్వాత, 1895లో, బాస్కెట్‌బాల్ దూకుడు తట్టుకోలేని పెద్దవయసు వారి కోసం విలియం మోర్గాన్ మధ్యలో నెట్ కట్టి వాలీబాల్ చేశాడు. 1902లో ఆమ్‌స్టర్‌డామ్ ఉపాధ్యాయుడు నికో బ్రూక్‌హుయిసెన్ ఇంకో అడుగు వేశాడు. ఆయన తయారు చేసిన కోర్ఫ్‌బాల్‌లో ఒక్కో జట్టులో నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు కలిసి ఆడతారు. అబ్బాయిని అబ్బాయే, అమ్మాయిని అమ్మాయే అడ్డుకోవాలి. బంతితో పరుగు లేదు. రెండు గోల్స్ పడగానే దాడి చేసేవాళ్లు కాపలాకు, కాపలావాళ్లు దాడికి మారతారు. ఎవరూ ఒక మూల నిలబడి ఉండిపోయే వీలే లేదు. మాకు ఈ ఆట మీద కొంచెం పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను.

ఇప్పుడు మన గ్రౌండ్‌కు వద్దాం. పిల్లలకు చూపించడానికి వేసిన నమూనా ఇది. వాళ్లు దీన్నే కాపీ కొట్టకూడదని కూడా చెప్పాం.

కబడ్డీలో ఒక వైపు 7 మంది. ఏడు పెంకులాటలో పెంకులు 7. మనిషికి ఒక పెంకు. ఈ లెక్క కుదిరిన దగ్గరే ఆట మొదలవుతుంది. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు కోర్టు, మధ్యలో గీత. అవతలి సగంలో పెంకుల దొంతర. గీత దగ్గర నుంచి బంతి విసిరి దాన్ని పడగొట్టాలి. ఆ తర్వాత ఒక్కొక్కరే కూత పెడుతూ అవతలికి వెళ్లి, ఒక్క పెంకు పెట్టి, ఊపిరి తెగకుండా తిరిగి రావాలి. అవతలివాళ్లు బంతితో మోకాలి కిందే కొట్టాలి. సమయం 3 నిమిషాలు, అంటే 180 సెకన్లు. ఏడుగురికి పంచితే ఒక్కొక్కరికి 25 సెకన్ల పైచిలుకు.

ఇంతవరకు చెప్పి పిల్లలను అడుగుతాం, ఇందులో ఎవరికి అన్యాయం జరుగుతుందని. బంతి చేతిలో ఉన్నవాడు పెంకుల పక్కనే నిలబడితే ఎవరూ పెట్టలేరు. కాబట్టి దొంతర చుట్టూ ఒకటిన్నర మీటర్ల గిరి గీసి, కాపలావాళ్లు అందులోకి రాకూడదంటాం. బలమైనవాడు ఒక్కడే బంతితో వెంటపడతాడు. నైస్మిత్ నియమం అరువు తెచ్చుకుందాం, బంతితో పరుగెత్తకూడదు, పక్కవాడికి అందించాలి. అసలు చిక్కు ఔట్ దగ్గర వస్తుంది. దెబ్బ తగిలినవాడు బయట కూర్చోవాలంటే, సరిగా ఆడలేని పిల్లే అందరికంటే ముందు కూర్చుంటుంది, అందరికంటే ఎక్కువసేపు కూర్చుంటుంది. ఎవరికి ఆట ఎక్కువ కావాలో వారికే తక్కువ దక్కుతుంది. మన పాత ఆటల్లో చాలావాటిలో ఈ లోపం ఉంది. అందుకే ఇక్కడ ఔటైనవారు వరుసలో చివరికి వెళ్లి మళ్లీ వస్తారు. రెండోసారి వెళ్లేటప్పుడు తోడుగా ఇంకొకరు కూత పెడుతూ వెళ్లి బంతిని తన వైపు మళ్లించుకోవచ్చు. పెంకు మాత్రం ఆ పిల్లే పెట్టాలి. నిలిచిన ప్రతి పెంకుకూ ఒక పాయింటు.

పైకి వెళ్లేకొద్దీ పెంకు చిన్నది, దొంతర ఊగుతుంది. ఏడో పెంకుకు కాళ్ల వేగం కంటే వణకని చేయి ముఖ్యం. కళ్లద్దాల పిల్లవాడి కోసం జట్టు వెతుక్కుంటూ వచ్చే చోటు అది.

పెట్టిన పెంకులు మధ్యలో కూలిపోతే ఎవరి లెక్క పోతుంది? ఈ ప్రశ్నకు జవాబు మేము కావాలనే రాయలేదు.

ఇక చదువు సంగతి. "బంతి తగిలితే ఔట్" అని పిల్లలు తేలిగ్గా రాసేస్తారు. ఎవరికి తగిలితే? టప్పా పడి తగిలితే? చున్నీకి తగిలితే? ఒక్క వాక్యంలో అర్థం రెండు వైపులకు పోకుండా తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ రాయడం ఎంత కష్టమో పిల్లలకు పరీక్ష వ్యాసంలో తెలియదు, గ్రౌండ్‌లో గొడవ జరిగితే తెలుస్తుంది. కోర్టు మూలలు సరిగా రావాలంటే తాడుతో 3, 4, 5 మీటర్ల త్రిభుజం వేస్తాం. మేస్త్రీ పునాది గీసేటప్పుడు చేసే పనే. పైథాగరస్ సిద్ధాంతం ఎందుకు పనికొస్తుందని అడిగే పిల్లలకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

మీరు చేయాల్సింది ఎక్కువ లేదు. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర నియమాల పేజీ చదివించండి. ఏమీ తెలియనట్టు వినండి. "అప్పుడేమవుతుంది?" అని మాత్రమే అడగండి. జవాబు మీరు చెప్పకండి, పేజీ మీరు రాసివ్వకండి. నానమ్మ, తాతయ్య ఇంట్లో ఉంటే చిర్రగోనె ఎలా ఆడేవారో అడిగించండి. బోధన్ వైపు వారైతే హున్సాలో హోలీ నాటి పిడిగుద్దులాట గురించి చెబుతారు. మధ్యలో తాడు, అటూ ఇటూ జనం, గుద్దులాట అయిపోగానే ఆలింగనాలు. దాన్ని బడిలో ఆడించబోము, కంగారు పడకండి. అంత మొరటు ఆటకూ ఒక గీత, ఒక ముగింపు ఉన్నాయని పిల్లలు గమనిస్తే చాలు.

అమ్మాయిల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి గేమ్స్ పీరియడ్ నుంచి మినహాయింపు కోరే చీటీలు అమ్మాయిల దగ్గర నుంచే ఎక్కువ వస్తాయి. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్ మన నిజామాబాద్ అమ్మాయి. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మన జిల్లా అమ్మాయి. మీ పాప అంత ఎత్తుకు వెళ్లాలని మేము అడగడం లేదు. ఒంట్లో బాగోలేని రోజున తప్పకుండా విశ్రాంతి ఇస్తాం, కారణం కూడా అడగం. మిగిలిన రోజుల్లో గ్రౌండ్‌కు పంపండి. ఈ ప్రాజెక్టులో ప్రతి జట్టులో అమ్మాయిలు, అబ్బాయిలు ఇద్దరూ ఉంటారు. పట్టి లాగే ఆటలు ఉండవు.

మార్కులు గెలిచినందుకు కాదు. నియమాల పేజీకి, మొదటిసారి ఆడి చూశాక ఏ నియమం ఎందుకు మార్చారో రాసిన దానికి ఇస్తాం. మార్పు ఒక్కటీ లేకుండా వచ్చిన పేజీని తిప్పి పంపుతాం.

ట్రయల్ రోజున ట్రాక్ ప్యాంటు, షూస్, నీళ్ల సీసా ఉండాలి. గ్రౌండ్ తడిగా ఉంటే షెడ్డు కింద ఆడిస్తాం. పెంకుల కోసం ఇంట్లో మిగిలిన టైల్స్, షాబాద్ బండ ముక్కలు పంపొద్దు, అంచులు కోస్తాయి. వడ్రంగి దగ్గర మిగిలే చెక్క ముక్కలు ఏడు, పెద్దదాని నుంచి చిన్నదాని వరకు, గరుకు కాగితంతో రుద్ది పంపితే చాలు. బంతి పాత గుడ్డలతో కట్టిందే కావాలి.